రంజకం కథ: తుపాకిలో నిప్పు నడిచిన దారి



హిందూపురం, మడకశిర, కుప్పం, పలమనేరు, ముళబాగిలు, కోలారు ప్రాంతాలలో ఉన్న మీకు బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ కొత్త కాదు. మీ ఇంటివారో, పొరుగువారో అక్కడ పని చేస్తూ ఉండవచ్చు. 1970ల చివరలో కర్ణాటక ప్రభుత్వ సంస్థ అయిన కియోనిక్స్, తన తొలి అధిపతి ఆర్.కె. బాళిగా ఆలోచన మేరకు, హోసూరు రోడ్డు పక్కన కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల భూముల్లో సుమారు 332 ఎకరాలలో ఈ పారిశ్రామిక వాడను నెలకొల్పింది. ఈనాడు అక్కడ అద్దాల మేడలు, కంప్యూటర్ సంస్థలు కనిపిస్తాయి.

ఆ మేడలకు కొద్ది దూరంలోనే బేగూరు ఉంది. అక్కడి నాగేశ్వర ఆలయం దగ్గర గంగరాజుల కాలపు వీరగల్లులు ఉన్నాయి. తొమ్మిదో శతాబ్దం చివరినాటి ఒక శాసనం, బెంగళూరులో జరిగిన కాళగంలో, అంటే యుద్ధంలో, మరణించిన ఒక వీరుణ్ణి స్మరిస్తుంది. బెంగళూరు అన్న పేరు కనిపించే తొలి శాసనాలలో అదొకటి. ఆ కాలపు వీరగల్లుల మీద కత్తి ఉంటుంది, విల్లు ఉంటుంది, గుర్రమూ ఏనుగూ ఉంటాయి. తుపాకి మాత్రం ఉండదు. తుపాకి మన నేలకు వచ్చింది ఆ తరువాత చాలా శతాబ్దాలకు.

ఆ తుపాకిలోని ఒక చిన్న భాగం గురించి ఈ రోజు మీతో ముచ్చటిస్తాను. గుండు గురించి అందరికీ తెలుసు. మందు గురించీ తెలుసు. అయితే ఆ మందుకు నిప్పు పెట్టేది ఎవరు? ఆ మొదటి నిప్పుకు మన తెలుగులో ఒక పాత మాట ఉంది. రంజకం. పాత నిఘంటువుల్లో మీరు దాన్ని చూడవచ్చు. తుపాకి గొట్టం పక్కన ఒక చిన్న గిన్నె, ఆ గిన్నెలో చిటికెడు మెత్తని మందు, గిన్నెలోంచి గొట్టంలోకి ఒక సన్నని రంధ్రం. ఆ చిటికెడు మందే రంజకం. దానికి నిప్పు తగిలితే మంట రంధ్రం గుండా లోపలికి పోయి అసలు మందును అంటిస్తుంది. రంజకం అంటుకోకపోతే ఎంత మంచి తుపాకి అయినా ఇనుప కర్రతో సమానం.

మొదటి రోజుల్లో రంజకానికి నిప్పు పెట్టింది ఒత్తి. నెమ్మదిగా కాలే నూలు తాడును జామగి అనేవారు. రాయలసీమ పాలెగాళ్ళ దగ్గర ఉన్న కావలి బంట్లకూ, మైసూరు సైన్యంలోని దళాలకూ ఈ జామగి తుపాకులు బాగా అలవాటు. వీటిలో ఒక పెద్ద సుగుణం ఉంది. దాన్ని ఊరి కమ్మరి బాగు చేయగలడు. ఒత్తిని ఇంట్లో పేనుకోవచ్చు. మందును ఊళ్ళోనే కలుపుకొనేవారు. అంటే రంజకం మొదలు గుండు వరకు అన్నీ ఊరి చేతుల్లోనే ఉండేవి. లోపమూ పెద్దదే. వాన పడితే ఒత్తి ఆరిపోతుంది. చీకట్లో ఒత్తి నిప్పు దూరం నుంచి కనిపించి మనిషి జాడ చెప్పేస్తుంది. మందు పక్కనే నిప్పు పట్టుకొని నిలబడడం ఎప్పుడూ ప్రాణసంకటమే.

తరువాతి మెట్టు చెకుముకి తుపాకి. ఒత్తి పోయి రాయి వచ్చింది. మీట నొక్కగానే చెకుముకి రాయి ఉక్కు రేకును రాసుకొని నిప్పురవ్వలు రాలుస్తుంది. రవ్వలు రంజకంలో పడతాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ సిపాయిల చేతిలో ఉన్నది ఈ తుపాకే.

ఇక్కడ మన ప్రాంతపు చరిత్రను ఒకసారి తలచుకోవాలి. 1791 ఫిబ్రవరిలో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ తన సైన్యంతో మన మొగిలి కనుమ మీదుగా మైసూరు పీఠభూమికి ఎక్కాడు. కోలారు, హొసకోట దాటి మార్చి మొదటి వారంలో బెంగళూరు పేటను, మార్చి 21 రాత్రి కోటను పట్టుకున్నాడు. అదే ఏడు జూలైలో అతని సేనలు హోసూరును తీసుకున్నాయి. బెంగళూరుకూ హోసూరుకూ నడుమ ఉన్న నేల మీదే నేటి ఎలక్ట్రానిక్ సిటీ నిలిచి ఉంది.

టిపూ సుల్తాను దగ్గర తుపాకులతోపాటు ఇనుప గొట్టపు రాకెట్లు ఉండేవి. బెంగళూరులో తారామండలపేట అన్న పేరు ఆ రాకెట్ల పనివారి జ్ఞాపకమే. 2018లో శివమొగ్గ జిల్లా నగరలో ఒక పాడుబడిన బావిలో అలాంటి రాకెట్ గొట్టాలు వెయ్యి దాకా బయటపడ్డాయి. రాకెట్‌కు రంజకపు గిన్నె అక్కరలేదు. ఒత్తి అంటిస్తే చాలు. తుపాకి అలా కాదు. తుపాకి పట్టిన మనిషి తాను కోరిన క్షణంలోనే అది పేలాలని కోరుకుంటాడు. ఆ క్షణాన్ని చేతికి తెచ్చుకోవడం కోసమే రంజకం మీద ఇన్ని శతాబ్దాల శ్రమ జరిగింది.

చెకుముకి తుపాకి కూడా వానకు లొంగిపోయేది. గిన్నెలో రంజకం తడిస్తే రవ్వలు పడినా ప్రయోజనం లేదు. పైగా ఇంకో చిక్కు ఉంది. మొదట గిన్నెలో మెరుపు కనిపిస్తుంది, ఆ తరువాతే గుండు వెలువడుతుంది. ఆ మెరుపు చూసి పక్షి ఎగిరిపోతుంది. స్కాట్లాండులో బెల్‌హెల్వీ అనే ఊరి చర్చి పురోహితుడు అలెగ్జాండర్ ఫోర్సిత్‌కు పక్షుల వేట సరదా. ఎగిరిపోయే బాతులతో విసిగి ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. దెబ్బ తగిలితే చాలు పేలిపోయే కొన్ని రసాయనాలు అప్పటికే తెలుసు. వాటిని రంజకంగా వాడితే నిప్పూ అక్కరలేదు, రాయీ అక్కరలేదు. 1807లో ఆయన దానికి పేటెంటు పొందాడు. 1820ల నాటికి ఆ మందును చిన్న రాగి టోపీలో పెట్టి అమ్మడం మొదలైంది. గొట్టం చివర ఉన్న చిన్న ముక్కుకు టోపీ తొడిగి, పైనుంచి సుత్తి పడితే పేలుతుంది.

ఇది ఎంత పెద్ద మార్పో చెప్పడానికి ఒక లెక్క చాలు. 1834లో ఇంగ్లండులోని వూలిచ్‌లో రెండు రకాల తుపాకులనూ ఆరేసి వేల సార్లు కాల్చి చూశారు. చెకుముకి తుపాకులు 922 సార్లు పేలలేదు. టోపీ తుపాకులు పేలనిది 36 సార్లే.

లెక్కల్లో ఉన్న ఈ తేడా ఏడేళ్ళకు మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది. 1841 మే 30న చైనాలోని కాంటన్ నగరం బయట, సాన్‌యువాన్‌లీ గ్రామ ప్రాంతంలో, మద్రాసు సైన్యానికి చెందిన 37వ పటాలంలోని ఒక దళం తుపానులో తక్కిన సైన్యం నుంచి విడిపోయింది. మద్రాసు సైన్యంలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఆ సిపాయిల చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులు. కుండపోతగా వాన. రంజకం తడిసి ముద్దయింది. చుట్టూ వేలాదిగా గ్రామీణులు పొడుగాటి బల్లేలతో మూగారు. తుపాకులు పేలవు. సిపాయిలు చతురస్రంగా నిలబడి బయొనెట్లతోనే గంటల తరబడి కాచుకున్నారు. చివరికి టోపీ తుపాకులు పట్టిన నౌకాదళ సైనికులు వారిని వెతుక్కుంటూ వచ్చారు. వానలోనే ఆ తుపాకులు పేలాయి. దారి దొరికింది. ఎవరి దేశమో, ఎవరి యుద్ధమో, నల్లమందు వ్యాపారం కోసం ఎవరో తెచ్చిపెట్టిన తగాదా. అందులో మన ప్రాంతపు సిపాయి తన ప్రాణాన్ని చిటికెడు తడి మందు మీద పెట్టి నిలబడ్డాడు. చరిత్ర పుస్తకాలలో సేనానుల పేర్లు ఉంటాయి. రంజకం తడిసిన సిపాయి పేరు సాధారణంగా ఉండదు.

ఇంకొక మెట్టు ఎక్కుదాం. టోపీ వచ్చినా మందు వేరు, గుండు వేరు, టోపీ వేరుగానే ఉండేవి. 1857లో గొడవకు కారణమైన ఎన్‌ఫీల్డు తుపాకి కూడా ఇదే రకం. కొవ్వు పూసిన కాగితపు తూటాను పంటితో చించి, మందు పోసి, గుండు కూరి, ఆ తరువాత టోపీ విడిగా తొడగాలి. 1860లలో ఈ మూడూ ఒక ఇత్తడి గొట్టంలోకి చేరాయి. టోపీ ఆ గొట్టం అడుగున ఉన్న చిన్న గుంటలో కూర్చుంది. దాన్నే ఇప్పుడు ప్రైమర్ అంటున్నాం. మన పాత రంజకమే ప్రైమర్ అయింది.

ప్రైమర్‌లో రెండు సంప్రదాయాలు వచ్చాయి. ఒకటి ఇంగ్లండులో కర్నల్ బాక్సర్ది. రెండోది అమెరికాలో కర్నల్ బెర్డాన్ది. బాక్సర్ పద్ధతిలో గుంట నడుమ ఒకే రంధ్రం ఉంటుంది. లోపలి నుంచి సన్నని ఊచతో పొడిస్తే కాలిపోయిన ప్రైమర్ ఊడి వస్తుంది. బెర్డాన్ పద్ధతిలో రంధ్రాలు నడుమ ఉండవు, కనుక ప్రైమర్‌ను తీయడం కష్టం. విచిత్రం ఏమంటే, ఇంగ్లీషువాడి బాక్సర్ పద్ధతి అమెరికాలో స్థిరపడింది. అమెరికావాడి బెర్డాన్ పద్ధతి యూరపు సైన్యాలలో నిలిచింది. అమెరికాలో ఇళ్ళల్లో తూటాలను మళ్ళీ నింపుకొనే అలవాటు పెరగడానికి ఈ ఒక్క రంధ్రం చేసిన సాయం తక్కువది కాదు.

1884లో అమెరికాలో జాన్ బార్లో అనే ఆయన ఐడియల్ అనే సంస్థను పెట్టి, పట్టకారు ఆకారంలో ఒక పనిముట్టును అమ్మాడు. దూర ప్రాంతాల్లో ఉండే వేటగాడు ఖాళీ ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా, పాత ప్రైమర్ తీసి, కొత్తది కూర్చి, మందు పోసి, గుండు బిగించుకొనేవాడు. ఆ వృత్తి ఇప్పటికీ అక్కడ చట్టబద్ధమైన కాలక్షేపం. అమెరికాలో ఉన్న మీ బంధువుల ఊళ్ళల్లో ఆ సామాను అమ్మే దుకాణాలు ఉంటాయి.

ఆ పనిలో ప్రైమర్ కూర్చే పనిముట్లు మూడు రకాలు. గుప్పిట్లో పట్టి బొటనవేలితో నొక్కేవి కొన్ని. బల్లకు బిగించి మీటతో నొక్కేవి కొన్ని. తూటా తయారుచేసే పెద్ద యంత్రంలోనే భాగంగా ఉండేవి మరికొన్ని. పెద్ద యంత్రంలో పని త్వరగా అవుతుంది, కాని వేలికి ఏమీ తెలియదు. గుప్పిటి పనిముట్టులో పని నెమ్మది, కాని ప్రైమర్ గుంట అడుగుకు తాకిన క్షణం వేలికి తెలుస్తుంది. గుంట వదులైందా, బిగువుగా ఉందా అన్నదీ తెలుస్తుంది. అందుకే గురి మీద పట్టింపు ఉన్నవారు వేలి స్పర్శనే నమ్ముతారు. పెద్ద రైఫిల్ ప్రైమర్ వ్యాసం 5.33 మిల్లీమీటర్లు, చిన్నది 4.45 మిల్లీమీటర్లు. ఇంత చిన్న వస్తువు ఇత్తడి అంచు కంటే వెంట్రుకవాసి పైకి ఉంటే తుపాకి మూసేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. వంకరగా కూర్చుంటే పేలకపోవచ్చు. పళ్ళెంలో ఒకటి పేలితే పక్కవాటిని కూడా పేల్చగలదు. అందుకే అక్కడివారు కళ్ళకు అద్దాలు లేకుండా ఆ పనికి కూర్చోరు, ప్రైమర్లను వాటి అసలు పెట్టెలోంచి తీసి సీసాలో పోయరు, బిగిసిన దాన్ని బలవంతంగా నొక్కరు.

ప్రైమర్‌లోని మందు కూడా మారుతూ వచ్చింది. పాదరసం ఉన్న పాత మందు ఇత్తడిని పెళుసుగా మార్చేది. అలాంటి గొట్టం మళ్ళీ నింపడానికి పనికిరాదు. మరో రకం మందు కాలిన తరువాత ఉప్పు మిగిలేది, గాలిలోని తేమను పీల్చి తుపాకి గొట్టాన్ని తుప్పు పట్టించేది. సిపాయిలు కాల్పులయ్యాక గొట్టాన్ని వేడినీళ్ళతో కడగడం అందుకే. ఈ రెండు దోషాలూ లేని మందు 1920ల చివరి నుంచి వాడుకలోకి వచ్చింది.

ఇప్పుడు ఒక్క క్షణం ఆగి వెనక్కు చూడండి. ఒత్తిని ఊళ్ళో పేనుకున్నారు. చెకుముకి రాయిని ఏరుకున్నారు. టోపీని మాత్రం కొనాలి. ప్రైమర్ కార్ఖానాలో తప్ప పుట్టదు. మెట్టు మెట్టుకూ నిప్పు చిన్నదైంది, నమ్మకమైనదైంది, దానితోపాటు ఊరి చేతుల్లోంచి దూరమైంది.

1800లో రాయలసీమ కంపెనీకి దత్తమైన తరువాత థామస్ మన్రో 1807 వరకు కలెక్టరుగా ఉండి పాలెగాళ్ళ బలాన్ని అణచాడు. ఆ పాలెగాడు తన మందును తాను చేసుకోగలడు. 120 ఏళ్ళ తరువాత, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులను, 2,500 పైచిలుకు తూటాలను పట్టుకున్నాడు. ఆయన తుపాకులతోపాటు తూటాలను కూడా పోలీసు ఠాణాలోంచే తెచ్చుకోవలసి వచ్చింది. విల్లుకు బాణం అడవిలో దొరుకుతుంది. తూటాకు ప్రైమర్ అడవిలో దొరకదు. ఖర్చయిన ప్రతి తూటా తిరిగిరాని తూటాయే. 1924 మే 7న ఆయన బలి అయ్యే వరకు సాగిన ఆ పోరాటాన్ని ఈ కోణంలోంచి కూడా చూడాలి.

ప్రభుత్వాలు కూడా ఈ సంగతిని బాగా గ్రహించాయి. పూనా దగ్గర కిర్కీలో 1869లోనే మందుగుండు కర్మాగారం వెలిసింది. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఇప్పుడు అమలులో ఉంది. ఆ చట్టంలో మందుగుండు అన్న మాటకు ఇచ్చిన అర్థం మీరు తెలుసుకోవాలి. తూటాయే కాదు, తూటా భాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. అంటే అమెరికా దుకాణంలో బహిరంగంగా అమ్మే పనిముట్టు, ప్రైమర్ల పెట్టె, మన దగ్గర మందుగుండు లెక్కలోకి వస్తాయి. లైసెన్సు లేకుండా తయారుచేస్తే, 2019 సవరణ తరువాత, ఏడేళ్ళకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా పడవచ్చు. అక్కడి నుంచి వచ్చే బంధువు సరదాకైనా అలాంటి సామాను పెట్టెలో పెట్టుకొని రాకూడదని మీరే చెప్పాలి.

ఇది మన సరిహద్దు పల్లెలకు దూరపు సంగతి కాదు. వేరుశనగ చేలో అడవిపంది పడుతుంది. పంట పోతే సంవత్సరమంతా అప్పు. ఆ బాధలో కొందరు నాటు తుపాకిని నమ్ముకుంటారు. ఆ నాటు తుపాకి అంటే మనం ఇప్పటిదాకా చెప్పుకున్న 1820ల నాటి టోపీ తుపాకే. దాని గొట్టం ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో చేసినవాడికే తెలియదు. టోపీ దొరకక ఏదో ఒక మందును నూరి రంజకంగా పెట్టినప్పుడు అది ఫోర్సిత్ కాలపు ప్రమాదాన్ని ఇంటి వసారాలోకి తెచ్చుకోవడమే. దెబ్బకు పేలే మందుకు ఎవరి దెబ్బో తెలియదు. సుత్తి దెబ్బకూ పేలుతుంది, నూరే చేతి ఒత్తిడికీ పేలుతుంది. పోయేది వేళ్ళు, చూపు, ఒక్కోసారి పక్కన ఆడుకుంటున్న పిల్లవాడు. పంట నష్టానికి అటవీశాఖకు అర్జీ పెట్టుకొనే దారి ఉంది. అది ఆలస్యమైనా, పోయిన కన్ను కంటే ఆలస్యం కాదు. లైసెన్సు ఉన్న రైతులు కూడా ఒక సంగతి గమనించాలి. లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. రాష్ట్రం గట్టు దాటేముందు అది చూసుకోవాలి.

తుపాకి గురి మీద ఇష్టం ఉన్న పిల్లలకు వేరే దారి ఉంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. అందులో మందు లేదు, ప్రైమర్ లేదు, రంజకం అసలే లేదు. ఒత్తిడి పట్టిన గాలే గుండును తోస్తుంది.

చివరగా, ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే యువకులు అడగవచ్చు. ఇంత ఎలక్ట్రానిక్ విద్య ఉన్న రోజుల్లో ఈ దెబ్బకు పేలే ప్రైమర్ ఎందుకు అని. ప్రయత్నం జరిగింది. యుద్ధవిమానాల ఫిరంగులలో విద్యుత్తుతో అంటుకునే ప్రైమర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. 2000లో అమెరికాలోని రెమింగ్టన్ సంస్థ బ్యాటరీతో పేలే వేట రైఫిల్‌ను మార్కెట్లోకి తెచ్చింది. కొద్ది సంవత్సరాలకే దాన్ని మానుకుంది. దానికి ప్రత్యేకమైన ప్రైమర్ కావాలి. అది అన్ని ఊళ్ళల్లో దొరకదు, మామూలు తూటా అందులో పేలదు. బ్యాటరీ ఉన్నంత మాత్రాన చాలలేదు. నిప్పు ఎవరి చేతిలో ఉంది, ఎక్కడ దొరుకుతుంది అన్న పాత ప్రశ్నే మళ్ళీ ఎదురైంది.

రంజకం అన్న మాటను మనం ఇప్పుడు వాడడం లేదు. కాని మీ ఊళ్ళో పాత కోట గోడ దగ్గర తుప్పు పట్టిన గొట్టమో, పాత ఇంటి అటక మీద తాతల నాటి తుపాకో కనిపిస్తే, దాని పక్కన ఉన్న చిన్న గిన్నెను చూడండి. గిన్నె ఉంటే అది ఒత్తిదో, చెకుముకిదో. ముక్కు ఉంటే టోపీది. చూసి కాలం గుర్తుపట్టండి. చేయి మాత్రం పెట్టకండి. నూరేళ్ళ క్రితం కూరిన మందు గొట్టంలో ఇంకా ఉండవచ్చు. పిల్లలను దూరంగా నిలబెట్టి, దగ్గరి పోలీసు స్టేషనుకు కబురు చేయండి. చరిత్రను కాపాడుకోవలసిందే, దానికన్నా ముందు దాన్ని చూడవలసిన కళ్ళను కాపాడుకోవాలి.